గైరో సాయంతో ఆర్‌సీ విమానం నేర్చుకోవడం ఎలా: బిగించడం నుంచి స్విచ్ ఆపేయడం దాకా

సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక సీటు పట్టుకుని పరిగెత్తే అన్నయ్య ఉంటాడు చూశారా, ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానంలో ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్ అలాంటిది. పడకుండా కాస్తాడు. కానీ ఎప్పటికీ చెయ్యి తీయకపోతే మీకు సైకిల్ రాదు. హ్యాండిల్ వంకరగా ఉన్న సైకిల్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నా అది తిన్నగా పోదు. ఈ రెండు మాటలూ గుర్తుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

తోక దగ్గరి అడ్డరెక్కను కూడా స్టెబిలైజర్ అనే అంటారు. గందరగోళం లేకుండా ఎలక్ట్రానిక్ పరికరాన్ని ఇకపై గైరో అందాం. ఫీల్డులో అందరూ అనేదీ అదే.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది కొత్తవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే సెట్: 1.2 నుంచి 1.4 మీటర్ల రెక్క ఉన్న ఫోమ్ ట్రైనర్, 800 నుంచి 1000 గ్రాముల బరువు, 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసేది), నాలుగు 9 గ్రాముల సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు), ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకునేది), ఎఫ్‌ఎస్-ఐఏ6బి రిసీవర్ (విమానంలో ఉండేది), విడిగా బిగించే మూడు అక్షాల గైరో. మీ సెట్ వేరే అయితే మెనూ పేర్లు మారతాయి, పని వరుస మారదు.

గైరోలో ఏ మోడ్ ఏం చేస్తుంది

గైరో చిప్ కొలిచేది తిరుగుడు వేగాన్ని, అంటే సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో. గాలి విసురుకు రెక్క లేచిందనుకోండి, మీ కన్ను పసిగట్టేలోపే సర్వోను ఎదురు తిప్పి ఆ కదలికను ఆపుతుంది. దీన్ని రేట్ మోడ్ అంటారు, కొన్ని డబ్బాల మీద నార్మల్ అని ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: రేట్ మోడ్ విమానాన్ని సమంగా చేయదు. 30 డిగ్రీలు వాలి ఉంటే ఆ వాలులోనే కుదుపు లేకుండా ఉంచుతుంది. మళ్లీ సమం చేయాల్సింది మీరే.

లెవెల్ మోడ్‌లో యాక్సెలరోమీటర్ కూడా తోడవుతుంది. నేల ఎటుందో దానికి తెలుసు కాబట్టి స్టిక్ వదిలితే విమానం తనంతట తానే సమానమవుతుంది. స్టిక్ పూర్తిగా పక్కకు నెట్టినా ఒక కోణం, సాధారణంగా 45 నుంచి 60 డిగ్రీలు, దాటి వాలదు. మూడోది హోల్డ్ మోడ్, దీన్నే లాక్ అనీ 3డీ అనీ అంటారు. విమానాన్ని ఏ భంగిమలో వదిలితే ఆ భంగిమలోనే పట్టి ఉంచుతుంది. నేల మీద విమానాన్ని కాస్త కదిపినా చాలు, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) పూర్తిగా ఒక చివరకు పోయి అక్కడే ఆగిపోతుంది. అలాగే టేకాఫ్ చేస్తే సంగతి అంతే. నేర్చుకునేవాళ్లు దీని జోలికి పోకండి, స్విచ్ మీద దానికి చోటే ఇవ్వకండి.

హొరైజన్ హాబీ విమానాలు కొన్నవాళ్లకు ఇవే పనులు వేరే పేర్లతో కనిపిస్తాయి. ఏఎస్3ఎక్స్ అనేది రేట్ మోడ్ లాంటిది. సేఫ్ అనేది దాని మీద కోణం పరిమితినీ, బిగినర్ దశలో తనంతట సమానమయ్యే గుణాన్నీ చేర్చింది.

ఏ మోడ్ అయినా చేయలేనివి కొన్ని ఉన్నాయి. వేగం చాలక రెక్క గాలి పట్టు వదిలేస్తే, అంటే స్టాల్ అయితే, గైరో కాపాడలేదు. పక్కగాలికి విమానం కొట్టుకుపోవడాన్ని ఆపలేదు. ఎత్తు తెలియదు, వేగం తెలియదు, చెట్టు తెలియదు.

ముందు గైరో లేకుండా విమానం సరిగ్గా ఉండాలి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. గైరో విమానంలోని లోపాలను కప్పిపెడుతుంది. వెనక బరువు ఎక్కువైన విమానం గైరో ఉన్నంతసేపూ బాగానే ఎగురుతున్నట్టు కనిపిస్తుంది. వేగం తగ్గిన మరుక్షణం ముక్కు పైకెత్తి కూలుతుంది.

బ్యాటరీ లోపల పెట్టి, కనోపీ (పై మూత) మూసి, రెండు చూపుడువేళ్ల మీద రెక్కను ఆనించి చూడండి. తయారీదారు గుర్తు పెట్టిన చోట సమంగా నిలవాలి. గుర్తు లేకపోతే రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం దగ్గర. రెక్క వెడల్పు 20 సెం.మీ. అయితే 5 నుంచి 6 సెం.మీ. వెనక్కి అన్నమాట. అనుమానం ఉంటే ముక్కు ఒక పిసరు కిందికే ఉండనివ్వండి. సరిచేయడానికి బరువులు అంటించే ముందు బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి చూడండి.

తర్వాత వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి. రెక్క మెలిపడి ఉందా? తోక వంకరగా ఉందా? ఎండలో నిలిపిన కారులో ఒక పూట ఉంచితే ఫోమ్ మెలిపడుతుంది, హాట్ గ్లూ మెత్తబడి హార్న్‌లు (పలకకు రాడ్ తగిలించే ముక్కలు) కదులుతాయి. మన ఎండాకాలానికి ఇది మామూలే.

ట్రిమ్‌లు, సబ్‌ట్రిమ్‌లు (ట్రాన్స్‌మిటర్‌లో మధ్యస్థానాన్ని కాస్త జరిపే సర్దుబాట్లు) అన్నీ సున్నాకు తెచ్చి, సర్వో చేతిని రాడ్‌కు 90 డిగ్రీల్లో బిగించి, క్లెవిస్ (రాడ్ చివరి కొక్కెం) తిప్పి కదిలే పలకలను సమం చేయండి. కదలిక మొదట్లో ఐలెరాన్‌కు (రెక్క వెనక అంచు పలక) పైకీ కిందికీ 10 నుంచి 12 మి.మీ., ఎలివేటర్‌కూ అంతే, రడ్డర్‌కు (నిలువు తోక పలక) 20 మి.మీ. చాలు. ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనను తగ్గించే సెట్టింగ్) 30 శాతం పెట్టండి. ప్లస్సా మైనస్సా అనేది తెర మీది గీత చూసి తేల్చుకోండి, మధ్యలో చదునుగా ఉండాలి. హింజ్‌లో గానీ రాడ్‌లో గానీ వదులు ఉంటే ఇప్పుడే తీసేయండి. 1 మి.మీ. వదులుకు కూడా గైరో ఊగిసలాట మొదలుపెడుతుంది.

ఇక గాలికి ఎదురుగా, మోకాలెత్తు గడ్డి ఉన్న చోట, మోటార్ ఆపి, భుజం ఎత్తు నుంచి తిన్నగా, ముక్కు రవ్వంత దించి విసరండి. పది మీటర్ల కంటే ఎక్కువ దూరం జారుతూ వెళ్లి పొట్ట మీద దిగితే సరే. ముక్కెత్తి ఆగిపోతే వెనక బరువు, ఒక పక్కకు తిరిగితే రెక్క మెలి.

బిగించడం

1. గైరోను సీజీకి (వేళ్ల మీద తూగిన బరువు కేంద్రానికి) దగ్గరగా, విమానం నడుముకు సమాంతరంగా పెట్టండి. కొన్ని సెంటీమీటర్లు ముందూ వెనకా అయినా పర్వాలేదు, వంకరగా మాత్రం ఉండకూడదు. 10 డిగ్రీలు అడ్డంగా తిరిగి ఉంటే రోల్ (పక్కకు వాలే) కదలికను కొంత పిచ్ (ముక్కు లేవడం, దిగడం) అనుకుంటుంది.

2. అంటించడానికి 1 నుంచి 2 మి.మీ. మందం ఉన్న డబుల్ సైడ్ ఫోమ్ టేప్ వాడండి. హాట్ గ్లూతో బిగిస్తే మోటార్ వణుకు నేరుగా చిప్‌కు చేరుతుంది. మెత్తటి స్పాంజి మీద పెడితే గైరోయే ఊగుతుంది. కింద ఉన్న ఫోమ్ గరుకుగా ఉంటే ముందు ఒక పలుచని ప్లాస్టిక్ ముక్క అంటించి దాని మీద టేప్ వేయండి.

3. బాణం గుర్తు ముక్కు వైపు, లేబుల్ పైకి. వేరే విధంగా పెట్టాల్సి వస్తే ఆ దిశను గైరో సెట్టింగ్‌లో చెప్పాలి.

4. ఫ్లైస్కై వరుస: ఛానెల్ 1 ఐలెరాన్, 2 ఎలివేటర్, 3 థ్రాటిల్ (మోటార్ వేగం), 4 రడ్డర్. 1, 2, 4 ఛానెళ్లు 10 నుంచి 15 సెం.మీ. మగ-మగ వైర్లతో రిసీవర్ నుంచి గైరోకు వెళ్తాయి. అక్కడి నుంచి సర్వోలకు. ఈఎస్‌సీ వైరు గైరోకు కాదు, నేరుగా రిసీవర్ ఛానెల్ 3కు. ఛానెల్ 5 మోడ్‌కు, ఛానెల్ 6 గెయిన్‌కు (గైరో ఎంత గట్టిగా సరిచేయాలో చెప్పేది).

5. ఒకే వైరుతో పని కావాలంటే పీపీఎం (అన్ని ఛానెళ్లనూ ఒకే వైరులో పంపే సిగ్నల్ రకం) వాడొచ్చు. ఎఫ్‌ఎస్-ఐఏ6బిలో పీపీఎం, ఐబస్ ఉన్నాయి. ఎస్‌బస్ అనే మరో రకం మాత్రమే అర్థం చేసుకునే గైరో కొంటే దానికి ఈ రిసీవర్ పలకదు. కొనేముందే చూసుకోండి.

6. గైరో వైర్లు బిగుతుగా లాగి ఉండకూడదు. లాగి ఉన్న వైరు కూడా వణుకును మోస్తుంది.

రెక్క వెనక అంచునే ఐలెరానూ ఎలివేటరూ రెండూ అయిన డెల్టా రెక్కలకు, వీ-తోక విమానాలకు ఒక మాట. మిక్సింగ్‌ను (రెండు ఆజ్ఞలను ఒకే పలకకు కలపడాన్ని) ట్రాన్స్‌మిటర్‌లో తీసేసి గైరోలో పెట్టాలి. ట్రాన్స్‌మిటర్‌లోనే కలిపి పంపితే ఏది రోల్ ఆజ్ఞో ఏది పిచ్ ఆజ్ఞో గైరోకు తెలియదు.

సర్వో రకం దగ్గర కూడా జాగ్రత్త. గైరో సెట్టింగ్‌లో అనలాగ్ అంటే 50 హెర్ట్జ్, డిజిటల్ అంటే 333 హెర్ట్జ్ దాకా ఉంటుంది. ఎస్‌జీ90 లాంటి నీలం రంగు చౌక సర్వోలు అనలాగ్‌వి. వాటికి డిజిటల్ వేగం పెడితే గుయ్‌మంటూ వేడెక్కి కాలిపోతాయి.

కరెంటు చాలుతుందా

గైరో లేనప్పుడు సర్వోలు మీరు స్టిక్ కదిపినప్పుడే పనిచేస్తాయి. గైరో ఉంటే నాలుగూ ఎడతెగకుండా కదులుతూనే ఉంటాయి. చౌక 30 ఆంపియర్ల ఈఎస్‌సీలలోని బీఈసీ (రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటు ఇచ్చే భాగం) చాలా వరకు లీనియర్ రకం, 5 వోల్ట్, 2 ఆంపియర్. నిండు 3ఎస్ బ్యాటరీ 12.6 వోల్ట్. అంటే 7.6 వోల్ట్ వేడిగా కరిగిపోవాలి. సర్వోలు 1 ఆంపియర్ లాగినా 7.6 వాట్ల వేడి. గాలి ఆడని ఫోమ్ పొట్టలో, మే నెల మధ్యాహ్నం, అది ఎంతసేపు నిలుస్తుంది? వేడెక్కి బీఈసీ ఆగితే రిసీవర్, గైరో, సర్వోలు ఒక్కసారే చచ్చిపోతాయి.

దీనికి విరుగుడు 5 వోల్ట్ 3 ఆంపియర్ల విడి స్విచింగ్ యూబీఈసీ, అంటే తక్కువ వేడెక్కే విడి బీఈసీ. దాన్ని రిసీవర్‌లో ఖాళీ చోట గుచ్చి, ఈఎస్‌సీ సర్వో ప్లగ్‌లోని ఎర్ర వైరును పిన్‌తో ఎత్తి బయటికి లాగి, టేప్ చుట్టేయండి. ఈఎస్‌సీ మీద స్విచింగ్ బీఈసీ 3 ఆంపియర్లు అని ఉంటే ఇది అక్కర్లేదు. పరీక్ష: ప్రాప్ (ప్రొపెల్లర్) తీసేసి, బ్యాటరీ పెట్టి, రెండు నిమిషాలు విమానాన్ని చేత్తో ఊపుతూ అన్ని స్టిక్‌లూ తిప్పండి. ఈఎస్‌సీ తాకలేనంత వేడెక్కినా, రిసీవర్ లైటు ఒక్క క్షణం ఆరినా యూబీఈసీ తప్పదు.

ట్రాన్స్‌మిటర్‌లో

ఇక్కడి నుంచి మొదటి ఫ్లైట్ వరకు ప్రాప్ విప్పేసి ఉంచండి.

ఎఫ్‌ఎస్-ఐ6లో మూడు స్థానాల స్విచ్ ఎస్‌డబ్ల్యూసీ. ఫంక్షన్స్ మెనూలో ఆక్స్ ఛానెల్స్‌కు వెళ్లి ఛానెల్ 5కు దాన్ని, ఛానెల్ 6కు వీఆర్ఏ నాబ్‌ను ఇవ్వండి. క్యాన్సిల్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటేనే సేవ్ అవుతుంది. ఊరికే నొక్కి బయటికి వచ్చేస్తే చేసిందంతా పోతుంది. డిస్‌ప్లే పేజీలో పట్టీలు కదులుతున్నాయో లేదో చూసుకోండి.

స్విచ్ వరుస మా సలహా ప్రకారం: పై స్థానం లెవెల్, మధ్య రేట్, కింద ఆఫ్. కంగారులో వేలు స్విచ్‌ను ఒక చివరకే తోస్తుంది, మధ్యలో ఆపలేదు. కాబట్టి ఆపద్బాంధవుడు చివరలోనే ఉండాలి.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చేయాలో ముందే చెప్పి ఉంచేది) సిస్టమ్ మెనూలో ఆర్ఎక్స్ సెటప్ కింద ఉంటుంది. ఛానెల్ 3కు థ్రాటిల్ సున్నా, ఛానెల్ 5కు లెవెల్ స్థానం, ఛానెల్ 1కు కొద్దిగా పక్కకు, విమానం 10 నుంచి 15 డిగ్రీలు వాలేంత. సిగ్నల్ పోతే మోటార్ ఆగి, చుట్టూ తిరుగుతూ దగ్గర్లోనే దిగుతుంది. ఐలెరాన్‌ను నడిమధ్యన వదిలేస్తే గైరో దాన్ని ఎంచక్కా తిన్నగా పక్క ఊరి దాకా తీసుకెళ్తుంది. థ్రాటిల్ కొంచెం ఇచ్చి ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి, మోటార్ ఆగాలి.

దిశ పరీక్ష: ప్రతి ఫ్లైట్‌కూ ముందు

గైరోతో విసిరిన వెంటనే విమానం తిరగబడి నేలకు కొట్టుకుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏదో ఒక అక్షం తిరగేసి ఉంది. సరిచేయాల్సిన చోట గైరో ఇంకా తోస్తుంది. మనిషి చేతులు దాన్ని అందుకోలేవు.

రెండు పరీక్షలు వేరువేరు, వరుస తప్పకూడదు.

మొదట స్టిక్ దిశ. విమానం వెనక నిలబడండి. స్టిక్ కుడికి నెడితే కుడి ఐలెరాన్ లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ లేవాలి. రడ్డర్ స్టిక్ కుడికి నెడితే రడ్డర్ కుడికి. తేడా ఉంటే ట్రాన్స్‌మిటర్ రివర్స్ మెనూలో మార్చండి.

తర్వాత గైరో దిశ. రేట్ మోడ్ పెట్టి, గెయిన్ పూర్తిగా పెంచి, విమానాన్ని చేతుల్లోకి తీసుకోండి. పట్టికలేవీ బట్టీ పట్టక్కర్లేదు, ఒక్క సూత్రం చాలు: ఏ భాగాన్ని ఎటు కదిపితే, ఆ భాగం మీది పలక అటే కదలాలి. కుడి రెక్కను చప్పున కిందికి దించితే కుడి ఐలెరాన్ కిందికి. తోకను పైకి ఎత్తితే, అంటే ముక్కు దించితే, ఎలివేటర్ పైకి. తోకను కుడికి జరిపితే రడ్డర్ కుడికి. రేట్ మోడ్‌లో ఈ కదలిక ఒక చిన్న తన్ను మాత్రమే, ఆపగానే పలక మధ్యకు వచ్చేస్తుంది. లెవెల్ మోడ్‌లో వాల్చి పట్టుకున్నంతసేపూ ఐలెరాన్, ఎలివేటర్ అలాగే నిలుస్తాయి.

ఇక్కడ తప్పు కనిపిస్తే గైరోలోని రివర్స్‌తోనే మార్చండి, ట్రాన్స్‌మిటర్ ముట్టుకోవద్దు. ట్రాన్స్‌మిటర్‌లో మారిస్తే స్టిక్ తిరగబడుతుంది, గైరో తప్పు అలాగే ఉంటుంది. కొన్ని చిన్న గైరోల మీది పాట్ స్క్రూ (గెయిన్ సర్దే చిన్న మర) మధ్యలో సున్నా, ఒక వైపు తిప్పితే మామూలు, రెండో వైపు రివర్స్. కొన్నింట్లో రివర్స్‌కు విడిగా చిన్న స్విచ్‌లు ఉంటాయి. మాన్యువల్ చూసి తిప్పండి.

లెవెల్ నేర్పడం

లెవెల్ మోడ్‌కు సమం అంటే ఏమిటో మీరే చెప్పాలి. బల్ల మీద చక్రాలపై నిలబడ్డ విమానం భంగిమ కాదది, ఎగిరేటప్పటి భంగిమ. మేస్త్రీలు వాడే రసమట్టం రెండు రెక్కల మీదుగా అడ్డంగా పెట్టి బుడగ మధ్యకు తెండి. నిడివి వైపు, రెక్క అడుగు భాగం ముక్కు వైపు 2 నుంచి 3 డిగ్రీలు లేచి ఉండేలా ముక్కు కింద పుస్తకం దూర్చండి. 20 సెం.మీ. వెడల్పు రెక్కకు 3 డిగ్రీలంటే ముందు అంచు వెనక అంచు కంటే 1 సెం.మీ. ఎత్తు. ఇప్పుడు మాన్యువల్ చెప్పినట్టు క్యాలిబ్రేషన్ చేయండి.

బ్యాటరీ పెట్టిన ప్రతిసారీ గైరో తన సున్నాను వెతుక్కుంటుంది. లైటు స్థిరపడే వరకు, సాధారణంగా 3 నుంచి 5 సెకన్లు, విమానాన్ని నేల మీద కదలకుండా ఉంచండి, స్టిక్‌లు ముట్టుకోకండి. చేతిలో పట్టుకుని బ్యాటరీ గుచ్చడం, గాలికి రెక్క ఊగుతుండగా గుచ్చడం రెండూ తప్పే. ఏసీ కారులోంచి తీసిన విమానాన్ని పది నిమిషాలు బయట నీడలో పెట్టి అప్పుడు పవర్ ఇవ్వండి. చిప్ సున్నా ఉష్ణోగ్రతతో పాటు జరుగుతుంది.

చోటు, వేళ, చట్టం

వరి కోసిన మడి, కనీసం 100 మీటర్లు పొడవు, కరెంటు తీగలు లేనిది. ఉదయం ఎనిమిదిలోపు గాలి నెమ్మదిగా ఉంటుంది. నేల వేడెక్కాక గాలి విసురులు మొదలవుతాయి. గైరో ఉంది కదా అని గాలిలో నేర్చుకోకండి, గంటకు 10 నుంచి 12 కి.మీ. దాటితే ఆ పూట ఇంటికి పోవడమే. సంక్రాంతి వారాల్లో ఊరి పక్క గాలిపటాల మాంజా చూసుకోండి. ప్రాప్‌కు చుట్టుకుంటే ఏ మోడ్ కూడా పనికిరాదు.

మన దేశపు డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కి.మీ. మధ్య అయితే 200 అడుగుల వరకే. రెడ్, యెల్లో జోన్‌లు (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోట్లు) మ్యాప్‌లో చూసుకున్నాకే చోటు ఎంచుకోండి. వ్యాపారానికి కాకుండా ఎగరేసే 2 కిలోల లోపు వాటికి పైలట్ లైసెన్స్ అడగరు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు 250 గ్రాములు, ఆ పైన అయితే ఎఫ్ఏఏ (అక్కడి విమానయాన సంస్థ) రిజిస్ట్రేషన్, సరదాకు ఎగరేసేవాళ్లకు బరువు ఎంతైనా ఉచితంగా రాసే ట్రస్ట్ పరీక్ష.

మొదటి ఫ్లైట్, ట్రిమ్, గెయిన్

ఎగరేయడం వచ్చినవాళ్లు ఎవరైనా దొరికితే మొదటి బ్యాటరీ వాళ్ల చేతికివ్వండి. గైరో ఆఫ్‌లో విమానాన్ని ట్రిమ్ చేయడం వాళ్ల పని. ఎవరూ లేకపోతే రేట్ మోడ్‌లో, తక్కువ గెయిన్‌తో లేపి, ఎత్తులో ట్రిమ్ చేయండి. లెవెల్ మోడ్‌లో ట్రిమ్ చేయకండి. అక్కడ ట్రిమ్ మీట నొక్కితే గైరో దాన్ని "కొంచెం వాలి ఉండు" అనే ఆజ్ఞగా తీసుకుంటుంది.

దిగాక ట్రిమ్ ఎంత పడిందో చూసి, అంతే మేర క్లెవిస్ తిప్పి, ట్రిమ్ సున్నా చేయండి. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టండి, గైరో కొత్త మధ్యస్థానం చదువుకోవాలి. ఈ చిన్న పని వదిలేస్తే ఆఫ్ నుంచి లెవెల్‌కు స్విచ్ వేసిన ప్రతిసారీ విమానం ఒక పక్కకు ఉలిక్కిపడుతుంది.

గెయిన్ 30 శాతం దగ్గర మొదలుపెట్టండి. ఎత్తులో తిన్నగా, పూర్తి థ్రాటిల్‌తో పోతూ నాబ్ కొద్దికొద్దిగా పెంచండి. చేప తోకాడించినట్టు రెక్కో తోకో చకచకా ఊగడం మొదలవగానే వెనక్కి తగ్గించి, ఇంకో 10 నుంచి 20 శాతం తగ్గించి ఆపండి. పూర్తి వేగంలోనే ఎందుకంటే పలకల మీద గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది. సగం థ్రాటిల్‌లో బాగున్న గెయిన్ ముక్కు దించి దూకేటప్పుడు ఊగుతుంది, ఎక్కువసేపు ఊగితే సర్వో పళ్లు ఊడతాయి. అక్షాలు విడివిడిగా సర్దుకునే గైరో అయితే ముందు రోల్, తర్వాత పిచ్. ట్రైనర్‌కు రడ్డర్ గెయిన్ తక్కువైనా నష్టం లేదు.

నేర్చుకునే వరుస

సిమ్యులేటర్‌లో కొన్ని గంటలు గడిపి రండి. పికాసిమ్ ఉచితంగా దొరుకుతుంది. టైమర్ 6 నిమిషాలు పెట్టుకోండి.

మొదటి మూడు నాలుగు బ్యాటరీలు లెవెల్ మోడ్. రెండు కొబ్బరిచెట్ల ఎత్తులో, 40 మీటర్లు అనుకోండి, మీ ముందు పెద్ద దీర్ఘచతురస్రం. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒక్కటే: విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. వాలిన రెక్క ఏ పక్కన కనిపిస్తే స్టిక్‌ను ఆ పక్కకే, రెక్క కింద ఆసరా పెట్టినట్టు నెట్టండి. అయోమయమైతే రెండు చేతులూ స్టిక్‌ల మీద నుంచి తీసేయండి, సమానమవుతుంది, మళ్లీ చూసుకోండి. అయితే థ్రాటిల్ కనీసం సగం ఉండాలి.

తర్వాతే అసలు చదువు. లెవెల్ మోడ్‌లో మలుపు తిరగాలంటే స్టిక్‌ను పట్టుకునే ఉండాలి, వదిలితే మలుపు ఆగిపోతుంది. రేట్ మోడ్‌లోనూ, గైరో లేకపోయినా, స్టిక్ కొట్టి వాల్చి, మధ్యకు తెచ్చి, ఎలివేటర్ కాస్త లాగి తిరగాలి, మలుపు చివర ఎదురు స్టిక్‌తో సమం చేయాలి. అంటే వేళ్లకు పట్టే అలవాటే వేరు. లెవెల్‌లోనే ఇరవై బ్యాటరీలు తిరిగినవాళ్లు రేట్‌కు మారగానే స్టిక్ పట్టుకునే ఉండి విమానాన్ని తలకిందులు చేసేది ఇందుకే. కాబట్టి నాలుగో ఐదో బ్యాటరీ నుంచే ఎత్తులో ఒక్కో రౌండు రేట్‌లో తిరగండి. చూపుడువేలు స్విచ్ మీదే ఉంచండి. తప్పితే లెవెల్, కుదుటపడ్డాక మళ్లీ రేట్. ఒక బ్యాటరీ మొత్తం స్విచ్ ముట్టుకోకుండా రేట్‌లో గడిస్తే, లెవెల్‌ను ఆపదకు మాత్రమే మిగల్చండి.

ఆ పైన గెయిన్ నాబ్ పని మొదలవుతుంది. ఒక్కో ఫ్లైట్‌కు 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ పోండి. సున్నాకు చేరేసరికి మీరు ఆఫ్‌లోనే ఎగరేస్తున్నారన్నమాట, భయపడే క్షణం మధ్యలో ఎక్కడా రాదు. నేరుగా స్విచ్ ఆఫ్‌కు కొట్టడం కంటే ఈ దారి మేలు.

లేపడం, దింపడం

చేత్తో విసరడానికి రేట్ మోడ్ బాగుంటుంది. థ్రాటిల్ 70 నుంచి 80 శాతం, గాలికి ఎదురుగా, రెక్కలు సమంగా, ముక్కు రవ్వంత పైకి. ప్రాప్ వెనక ఉన్న విమానాలకు పొట్ట కింద పట్టుకుని విసరాలి, చెయ్యి వెంటనే కిందికి తీసేయాలి. తోక చక్రం ఉన్న విమానాన్ని నేల మీద నుంచి లెవెల్ మోడ్‌లో లేపకండి. ముక్కెత్తి నిలబడ్డ భంగిమను గైరో తప్పు అనుకుని ఎలివేటర్ కిందికి తోస్తుంది, తోక లేచి ప్రాప్ నేలకు తగులుతుంది.

ల్యాండింగ్‌లో లెవెల్ మోడ్ చేసే చెడు కంటికి కనపడదు. థ్రాటిల్ మూస్తే విమానం వేగం నిలుపుకోవడానికి ముక్కు దించాలి. గైరో దించనివ్వదు, ఎలివేటర్ పైకి లాగుతూనే ఉంటుంది. వేగం పోతుంది. ఒక రెక్క జారుతుంది, గైరో ఆ రెక్క ఐలెరాన్‌ను కిందికి దించుతుంది, అసలే పట్టు తప్పబోతున్న రెక్క దానితో పూర్తిగా స్టాల్ అవుతుంది. ఐదు మీటర్ల ఎత్తులో ఇది జరిగితే కోలుకునే చోటు ఉండదు. లెవెల్‌లోనే దింపాల్సి వస్తే థ్రాటిల్ పావు వంతు ఉంచి, స్టిక్ కొంచెం ముందుకు నెట్టి, ముక్కు 3 నుంచి 5 డిగ్రీలు దించి రండి. మీటరు ఎత్తులో థ్రాటిల్ మూయండి. రేట్ మోడ్‌లో దింపడం నేర్చుకోవడమే మంచిది, విసురులను అది అణుస్తుంది, ముక్కు మీ చేతిలోనే ఉంటుంది.

ఏదో తేడాగా ఉంటే

లెవెల్‌లో స్టిక్ వదిలినా నిదానంగా ఒక పక్కకే తిరుగుతోంది: లెవెల్ క్యాలిబ్రేషన్ వంకర, లేదా ట్రిమ్ మిగిలి ఉంది. మొదటి నిమిషం బాగుండి తర్వాత వాలడం మొదలైతే వణుకు. ప్రాప్ బ్యాలెన్స్ చేయండి, తేలికైన బ్లేడు వెనక వైపు చిన్న టేప్ ముక్క చాలు. మోటార్ షాఫ్ట్ వంగి ఉందేమో కూడా చూడండి.

నేల మీద మోటార్ తిప్పగానే సర్వోలు వణికితే కూడా అదే కారణం. మోటార్ ఆగి ఉన్నా వణికితే గెయిన్ ఎక్కువ, లేదా ప్లగ్ వదులు. ఒకే సర్వో చచ్చిపడి ఉంటే ప్లగ్ తిరగేసి ఉండొచ్చు. గోధుమ లేదా నలుపు వైరు గ్రౌండ్ పక్కకు రావాలి.

స్టిక్ గట్టిగా తిప్పినా విమానం బద్ధకంగా తిరుగుతోందంటే గైరో మీతోనే పోట్లాడుతోంది. గెయిన్ తగ్గించండి, లేదా స్టిక్ కదిలినకొద్దీ గెయిన్ తగ్గే సెట్టింగ్ ఉంటే పెంచండి.

పడ్డాక, పైకి ఏమీ కాలేదనిపించినా, టేప్ ఊడి గైరో జరిగిందేమో వేలితో నొక్కి చూడండి. జరిగితే కొత్త టేప్ వేసి, రసమట్టం మళ్లీ పెట్టి, విమానాన్ని చేతిలోకి తీసుకుని కుడి రెక్క దించండి. కుడి ఐలెరాన్ దిగిందా? తోక ఎత్తండి. ఎలివేటర్ లేచిందా? అప్పుడు ప్రాప్ బిగించండి.